ముగియని రత్నమాల

మా ఇబ్రహీంపట్నము మీదుగా నాగార్జునసాగరమునకు పోవు బాటలో కొంతదూరము సాగి ప్రక్కకు మరలినచో దేవరకొండ వచ్చును. 1880 ప్రాంతమున ఒక విధవరాలు ఇద్దఱు పసిబిడ్డలతో ఆ యూరు చేరెను. ఆమె పేరు గంగమాంబ. భర్త కొమఱ్ఱాజు వేంకటప్పయ్యగారు గతించునాటికి కూతురు అచ్చమాంబకు ఆఱేండ్లు. కొడుకు లక్ష్మణరావుకు మూడేండ్లు. నాటి ధర్మశాస్త్రము ప్రకారము ఉమ్మడి కుటుంబములోని విధవకు భరణమే గాని ఆస్తిలో పాలు లేదు. పరిమితమైన హక్కు లభించుటకైనను 1937 వఱకు వేచియుండవలసివచ్చెను. సవతి కుమారుడు శంకరరావుగారు సహృదయులగుటచేత ఆ కుటుంబము నిలిచినది. కాకున్నచో ఏమయ్యెడిదో చెప్పనక్కఱలేదు.

అచ్చమాంబ 1874లో నందిగామ చేరువనున్న పెనుగంచిప్రోలులో జన్మించెను. పదేండ్ల ప్రాయమున, భార్యను గోల్పోయిన మేనమామ భండారు మాధవరావుగారికి ఆమె నిచ్చి వివాహము చేసిరి. ఆయన మధ్యపరగణాలలో ఉద్యోగి. బడి ముఖమెఱుగని ఆ బాలిక ఇల్లు దిద్దుకొని, తమ్ముని చెంత నుంచుకొని నాగపురమున చదివించెను. తమ్ముడు నేర్చినది అక్కకు చెప్పెను. అట్లు తెలుగు, హిందీ, ఆపై మరాఠీ, సంస్కృతము మున్నగునవి ఆమెకు పట్టువడెను. ఆ తమ్ముడే 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును నెలకొల్పినవారిలో ముఖ్యుడు. తరువాత ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమునకు పూనుకొన్న మహనీయుడు. ఆ విద్వత్తుకు పునాది అక్క వంటయింట పడినదని నేనన్నచో సాహిత్య చరిత్రకారులు కోపింపరని తలచెదను.

కన్నబిడ్డలు ఆమెకు దక్కలేదు. ఆ దుఃఖమును దిగమ్రింగి అనాథ బాలలను ఇంట చేర్చుకొని పెంచెను, చదువు చెప్పించెను. ఇంటి పనుల నడుమ మిగిలిన వేళలే రచనకు దక్కినవి. అయినను 1901లో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ ప్రథమ భాగము వెలువడెను. అందు చరిత్ర ప్రసిద్ధలైన భారతస్త్రీల జీవితములు కలవు. రెండవ భాగము వేదపురాణ స్త్రీలకు, మూడవది విదేశ వనితలకు అని ఆమె సంకల్పము. 1902లో ఓరుగంటి సుందరీరత్నమాంబగారితో కలిసి మచిలీపట్టణమున బృందావన స్త్రీ సమాజమును స్థాపించెను. ఆ యేటనే ‘ధనత్రయోదశి’ కథ వ్రాసెను. గుఱజాడవారి ‘దిద్దుబాటు’కు అది ఎనిమిదేండ్లు పెద్ద. చాలీచాలని జీతపు సంసారమున భర్త పరుల సొమ్ము నాశింపగా భార్య వారించును. ఆ యిల్లాలి నీతిని అందఱును మెచ్చుకొందురు. ఆ లేమిని ప్రతిదినము పొయ్యి ముందు మోయుచున్నదెవరో గమనించువారు తక్కువ.

నా తరగతిలోను ఇట్టిది చూచుచున్నాను. ఇంట ముసలివారు మంచము పట్టినచో హాజరుపట్టీలో మొదట తప్పిపోవునది మనుమరాలి పేరే; మనుమడు యథాప్రకారము వచ్చును. ఆమెకు పోయిన ఆ యేడు, తరువాత ఉద్యోగమునకు పోయినప్పుడు లెక్కకు వచ్చును.

1896లో బొంబాయిలో తలయెత్తిన ప్లేగు ఊరూర వ్యాపించెను. దాని క్రిమిని 1894లోనే యెర్సిన్ కనుగొనెను. 1897లో బొంబాయిలోనే హాఫ్కిన్ టీకా సిద్ధపఱచెను. కాని సోకినవారిని బ్రతికింపగల మందు అప్పటికి లేదు. ఊపిరితిత్తులకెక్కిన ప్లేగు దగ్గు తుంపురులతో ప్రక్కవారికి అంటును. కావున ముప్పు ముందుగా రోగి తల దగ్గఱ కూర్చుండువారికే. ఏ యింటనైనను ఆ చోట తఱచుగా నుండునది స్త్రీయే.

బిలాసపురమున ప్లేగు చెలరేగినపుడు అచ్చమాంబ రోగుల పరిచర్యకు పూనుకొనెను. ఆ వ్యాధియే ఆమెకును సోకెను. 1905 జనవరి 18వ తేదీన కన్నుమూసెను. ఆమె త్యాగమును కొనియాడుటకు మనకు మాటలు కొదువలేదు. ఆమె సేవలో పోయిన కాలమునకు, ఆరోగ్యమునకు లెక్క వ్రాసినవారు మాత్రము లేరు. తమ్ముడు అటుపై పదునెనిమిదేండ్లు జీవించి తన గ్రంథములు తాను వ్రాసికొనగలిగెను. అక్క రెండవ భాగము నడుమ నిలిచినది. మూడవ భాగమునకు చేయియే సాగలేదు.