కెప్టెన్ మతీన్ అహ్మద్ అన్సారీ

చేతిలో ఆయుధం ఉన్నప్పుడు శత్రువును ఎదిరించిన వీరులు చరిత్రలో ఎందరో ఉన్నారు. ఆయుధం పోయి, చెరసాల పాలై, ఆకలితో అలమటిస్తున్నప్పుడు కూడ తలవంచనివారు కొందరే. అటువంటివారిలో కెప్టెన్ మతీన్ అహ్మద్ అన్సారీ ఒకడు.

అన్సారీ హైదరాబాదు నగరానికి చెందినవాడు. ఆనాడు మన దేశం బ్రిటిషువారి పాలనలో ఉండేది. ఆయన భారత సైన్యంలో అధికారిగా చేరి, ఏడవ రాజపుత్ర రెజిమెంటుకు చెందిన అయిదవ బెటాలియనులో పనిచేశాడు. హిందువులు, ముస్లిములు కలిసి పోరాడిన దళం అది. చైనా దక్షిణ తీరాన ఉన్న హాంకాంగ్ అప్పుడు బ్రిటిషువారి వలస రాజ్యం. దాని రక్షణ కొరకు ఈ బెటాలియనును అక్కడికి పంపారు.

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1941 డిసెంబరు 8న, జపాను సేనలు హాంకాంగుపై దాడి చేశాయి. డిసెంబరు 18 రాత్రి అవి హాంకాంగ్ దీవిపై దిగినప్పుడు, ఈశాన్య తీరాన కాపు కాస్తున్న రాజపుత్ర దళానికే మొదటి దెబ్బ తగిలింది. ఆ దళంలో ఎందరో నేలకొరిగారు. డిసెంబరు 25న హాంకాంగ్ లొంగిపోయింది. వేలాది సైనికులతోపాటు అన్సారీ కూడ బందీ అయ్యాడు.

మన దేశంలోని పెద్ద సంస్థానాలలో ఒకదాని ప్రభువుకు అన్సారీ బంధువని జపాను అధికారులు తెలుసుకున్నారు. అటువంటివాడు తమవైపు తిరిగితే మిగిలిన భారతీయ బందీలు కూడ తిరుగుతారని తలచారు. బ్రిటిషు ప్రభుత్వంపట్ల విధేయతను విడిచిపెట్టమని, తోటి బందీలలో అసంతృప్తి రగిలించమని ఆయనను ఒత్తిడి చేశారు. జపానువారికి చిక్కిన భారతీయ సైనికులలో అనేకులు దేశ స్వాతంత్ర్యాన్ని కోరి ఆజాద్ హింద్ ఫౌజులో చేరిన కాలం అది. అన్సారీ ఎంచుకున్న దారి వేరు. సైనికుడిగా తాను చేసిన ప్రమాణాన్ని ఆయన విడువలేదు. శత్రువు బలవంతానికి లొంగి తన వారిని నడిపించడానికి అంగీకరించలేదు.

అందుకు ఫలితంగా 1942 మే నెలలో ఆయనను స్టాన్లీ జైలులో వేశారు. సెప్టెంబరు వరకు తిండి పెట్టక మాడ్చారు, క్రూరంగా హింసించారు. శరీరం కృశించింది కాని, సంకల్పం సడలలేదు. తిరిగి శిబిరానికి వచ్చిన తరువాత కూడ ఆయన తన మాట మార్చుకోలేదు. పైగా తోటివారికి ధైర్యం చెబుతూ, చెరనుండి తప్పించుకోదలచినవారికి రహస్యంగా సహాయం చేశాడు. పట్టుబడితే ఏమవుతుందో స్టాన్లీ జైలు ఆయనకు ముందే చూపింది. అయినా వెనుదీయలేదు.

1943 మే నెలలో ఆయనను మరల నిర్బంధించారు. అయిదు నెలలపాటు ఆకలి, చిత్రహింసలు అనుభవించిన తరువాత మరణశిక్ష విధించారు. అక్టోబరులో, బ్రిటిషు, చైనా, భారతీయ బందీలు ముప్పైమందికి పైగా ఉన్న బృందంలో, ఆయనకు శిరచ్ఛేదం చేశారు. హాంకాంగ్ ప్రభుత్వ న్యాయశాఖ అధికారి జాన్ ఫ్రేజర్ కూడ ఆనాడు ప్రాణాలు కోల్పోయాడు. అప్పటికి అన్సారీకి ముప్పై ఏండ్లు కూడ నిండలేదు.

1946లో బ్రిటిషు ప్రభుత్వం అన్సారీకి మరణానంతరం జార్జి క్రాస్ పతకాన్ని ప్రకటించింది. ఆయన సమాధి హాంకాంగులోని స్టాన్లీ సైనిక శ్మశానవాటికలో ఉంది.

అన్సారీ ఒక్క మాట అని ఉంటే ఆయన ప్రాణం దక్కేది. కాని ఆ మాటను నమ్మి ఎందరో సామాన్య సైనికులు ఆయన వెంట నడిచేవారు. పదిమంది తనను చూసి నడుచుకుంటారని తెలిసినవాడు తన అడుగును ఎంత జాగ్రత్తగా వేయాలో అన్సారీ జీవితం మనకు నేర్పుతుంది.