ఉగాండా నుండి వచ్చిన కణితి ముక్క

డెనిస్ బర్కిట్ గారు 11 ఏళ్లకే ఒక కన్ను పోగొట్టుకున్నారు. అయినా సర్జనై, దేవుని పిలుపని నమ్మి ఉగాండా వెళ్లారు. 1957లో ములాగో ఆసుపత్రిలో ఒక పసివాడి రెండు దవడలూ ఇరుపక్కలా వాచి కనబడ్డాయి. కొన్నాళ్లకు జింజాలో మరో బిడ్డకు అదే వాపు. మనమైతే అయ్యో అనుకుని సాగిపోయేవాళ్లమేమో! ఆయన 1961లో ఇద్దరు మిత్రులతో 10,000 మైళ్లు తిరిగి, ఆ కణితి ఎక్కడెక్కడ ఉందో ఆరా తీశారు.

ఆయన పంపిన కణితి ముక్కల్లో లండన్‌లో ఎప్‌స్టీన్ గారు ఎంత వెదికినా వైరస్ దొరకలేదు. ఒకసారి పొగమంచుకు విమానం దారి మళ్లి, నమూనా ద్రవం మసకబారి చేరింది. పారవేయకుండా చూస్తే, విడిపోయిన కణాలు బతికే ఉన్నాయి. వాటిని పెంచాకే 1964లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు వైరస్ చిక్కింది. నేడు ల్యాబులో ఈబర్ పరీక్ష చేస్తే, కణితి ముక్కలో ఆ వైరస్ దాగిన కణాలు రంగు తేలి కనబడతాయి.