బాలగురువు గోంజా

జపాను దేశపు దక్షిణభాగమున సత్సుమా అను సీమ యుండెను. నేడా ప్రాంతమును కాగోషిమా అందురు. గోంజా 1718వ సంవత్సరమున అచ్చట జన్మించెను. తండ్రి ఓడకు చుక్కాని పట్టువాడు. పదేండ్ల ప్రాయముననే గోంజా తండ్రివెంట ఓడ యెక్కి ఆ విద్య నేర్వసాగెను.

1728లో బియ్యము మున్నగు సరకులతో, పదునేడుగురు మనుష్యులతో వారి ఓడ ఒసాకా నగరమునకు బయలుదేరెను. దారిలో తుపాను చెలరేగెను. నెలల తరబడి దిక్కు తెలియక కొట్టుకొనిపోయి, 1729లో ఆ ఓడ రష్యా తూర్పుకొసనున్న కమ్చాట్కా తీరము చేరెను. గండము గడచెనని వారు తలచునంతలో, కొసాక్కు సైనికులు సొత్తున కాశపడి పదునైదుగురిని చంపివేసిరి. మిగిలినవారు పదునొకండేండ్ల గోంజాయు, సోజా యను నడివయస్కుడును మాత్రమే. ఆ సైనికుల నాయకుని ప్రభుత్వము పిదప ఉరితీయించెను.

ఇరువురను రాజధానియగు సెయింట్ పీటర్స్‌బర్గునకు కొనిపోయిరి. 1734లో సామ్రాజ్ఞి అన్నా వారిని రావించి చూచెను. గోంజా రష్యను భాషను చక్కగా నేర్చెను. 1736లో అచ్చటి విజ్ఞాన పరిషత్తున జపాను భాషా పాఠశాల వెలసెను. విద్యార్థులు కొలదిమందియే, గురువులు ఈ యిరువురు. ఆ యేడే సోజా మరణించెను. తన సీమ మాట పలుకు తోడు గోంజాకు ఇక లేకపోయెను.

అయినను అతడు క్రుంగిపోలేదు. పరిషత్తు గ్రంథాలయమున పనిచేయు బొగ్దానొవ్ సాయముతో వ్యాకరణమును, సంభాషణ పాఠములను, సుమారు 12,000 మాటల నిఘంటువును రచించెను. చిన్ననాడే ఇల్లు విడిచినవాడగుటచే జపాను లిపి అతనికంతగా రాదు. కావున మాటలన్నియు రష్యను అక్షరములలోనే వ్రాయబడెను. ఆ లోపమే మేలయ్యెను. నాటి సత్సుమా ప్రజల ఉచ్చారణ ఆ యక్షరములలో నిలిచిపోయెను. నేటి భాషాశాస్త్రజ్ఞులకు అది పెన్నిధి.

1739లో, ఇరువదియొక్క యేండ్లకే, స్వదేశమును మరల చూడకయే గోంజా కన్నుమూసెను. పాఠశాల మాత్రము నిలిచి, తరువాత ఇర్కుట్స్కు నగరమునకు మారి, 1816 వరకు సాగెను.

బాలబాలికలారా! గోంజా పండితుడు కాడు. అతని సొత్తు ఇంట వినిన మాటయే. మన యిండ్లలోను అవ్వతాతలు పలుకు మాటలలో ఏ నిఘంటువునకు నెక్కనివి కలవు. వానిని శ్రద్ధగా విని, అర్థమడిగి, వ్రాసి యుంచుడు. తల్లిదండ్రులు అందుకు తోడ్పడుదురు గాక!