గన్నవరం సీతమ్మ గారు

సంచికకు ఒక మహనీయుల జీవితం రాసివ్వమంటే మా క్లాసు మిత్రులంతా శాస్త్రజ్ఞుల పేర్లు పంచేసుకున్నారు. నేనూ సైన్సు విద్యార్థినే. కాని నాకు గుర్తొచ్చింది మాత్రం ఏ ప్రయోగశాలా చూడని, జీవితమంతా పొయ్యి దగ్గరే గడిపిన డొక్కా సీతమ్మ గారు. కారణం మా నాయనమ్మ. కృత్తివెన్నులో మా ఇంటి అరుగు మీద ఆవిడ నాకు చెప్పిన కథల్లో రాజులు తక్కువ, సీతమ్మ గారు ఎక్కువ.

సీతమ్మ గారు 1841లో మండపేటలో పుట్టారు. తండ్రి అనుపిండి భవానీశంకరం గారు. వచ్చినవాళ్లకల్లా అన్నం పెడతాడని ఊరివాళ్లు ఆయన్ని బువ్వన్న గారనేవారట. తల్లి నరసమ్మ గారు చిన్నతనంలోనే పోవడంతో ఇల్లు నడిపే భారం ఈ పిల్ల మీద పడింది. ఒకనాడు లంకల గన్నవరం వాస్తవ్యులు డొక్కా జోగన్న పంతులు గారు పండిత సభ నుంచి తిరిగి వెళ్తూ మధ్యాహ్నం వేళ వాళ్లింట ఆగారు. ఆ పిల్ల ఆదరణ చూసి ముచ్చటపడి, తర్వాత ఆమెనే పెళ్లాడారు.

గన్నవరం వైనతేయ గోదావరి ఒడ్డున ఉంది. ఆ రోజుల్లో ఏరు దాటాలంటే పడవే గతి. రేవుకు చేరిన బాటసారికి హోటళ్లు లేవు, ఉన్నది సీతమ్మ గారిల్లు. వేళ కాని వేళ వచ్చినా, ఏ కులంవాడైనా ఆకలితో తిరిగి వెళ్లలేదని చెబుతారు. అన్నదానం అని మనం ఒక్క మాటలో అనేస్తాం గాని, రైతు బిడ్డగా నాకు దాని వెనకాల చాకిరీ కనిపిస్తుంది. వడ్లు దంచాలి, చెరగాలి, కట్టెలు సమకూర్చాలి, నీళ్లు మోయాలి, గుండిగలు తోమాలి. అంతా అయ్యాక చెయ్యి కడుక్కుని తాను విస్తరి ముందు కూచోబోయేసరికి వీధిలో మరో పిలుపు! ఒక్క పండగ రోజు నలుగురు చుట్టాలొస్తేనే మా అమ్మ సాయంత్రానికి నడుం పట్టుకుంటుంది.

ఆ బియ్యం ఎక్కడివి? చందాలవి కావు, సొంత పొలంలో పండినవి. పెట్టగా పెట్టగా ఆస్తి తరిగిపోయిందనీ, అయినా జోగన్న గారు భార్య చెయ్యి పట్టుకోలేదనీ అంటారు. సీతమ్మ గారిని పొగిడేవాళ్లు ఆయన్ని ఎందుకో మరిచిపోతారు. మా ఇంట్లో పది సెంట్లు అమ్మాలన్నా నెల్లాళ్లు గొడవ!

నాయనమ్మకు ఇష్టమైన ఘట్టం అంతర్వేది ప్రయాణం. ఎన్నేళ్లకో తీరిక చిక్కి, నరసింహస్వామి దర్శనానికి సీతమ్మ గారు పల్లకీలో బయలుదేరారట. దారిలో ఒక చోట బోయీలు దింపుకున్నారు. పక్కనే ఒక పెళ్లివారి గుంపు. ఆకలికి ఏడుస్తున్న పిల్లల్ని పెద్దలు ఊరడిస్తున్నారు. కాసేపట్లో గన్నవరం చేరతాం, సీతమ్మ గారింట్లో కడుపునిండా తినొచ్చని. అది విన్న ఆమె పల్లకీ వెనక్కి తిప్పించి, వాళ్లకంటే ముందే ఇల్లు చేరి పొయ్యి రాజేశారు. మరి స్వామికి కోపం రాలేదా అని చిన్నప్పుడు అడిగేవాణ్ణి. స్వామి ఆ గుంపులోనే ఉన్నాడు కదురా అనేది నాయనమ్మ.

కీర్తి ఢిల్లీ దాకా పోయింది. ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేక సందర్భంగా 1903లో జరిగిన దర్బారుకు ఆమెకు ఆహ్వానం వచ్చిందనీ, రానన్నారనీ, చివరికి అధికారులు బతిమాలి ఫొటో తీయించుకుని వెళ్లారనీ చెప్పుకుంటారు. 1909లో సీతమ్మ గారు కన్నుమూశారు. గన్నవరం దగ్గర వైనతేయ మీద కాలువను దాటించే కొత్త అక్విడక్టుకు ఆమె పేరే పెట్టారు.

నేను హైస్కూల్లో చేరిన కొత్తలో మధ్యాహ్న భోజనం లైన్లో పళ్లెం పట్టుకుని నిలబడనని మొండికేశాను. స్థితిమంతుల పిల్లలు ఇంటి నుంచి క్యారియర్లు తెచ్చుకునేవాళ్లు. వాళ్ల ఎదుట నాకు తల కొట్టేసినట్టుండేది. ఆ రాత్రి నాయనమ్మ కథ చెప్పలేదు, తన సంగతి చెప్పింది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చేనాటికి ఆవిడ పురిటికి నాగాయలంక వైపు పుట్టింట్లో ఉంది. కడుపులో మా నాన్న. ఇల్లు పోయింది, గాదె పోయింది. నాలుగు పుట్ల ధాన్యం కొలిచిన ఇంటి ఆడపిల్ల, ఎవరో ఎక్కడి నుంచో వచ్చి వండి పెడుతుంటే లైన్లో నిలబడి చెయ్యి చాపింది. మొదటిరోజు సిగ్గేసి వెనక్కి వచ్చేసిందట. రెండోరోజు వడ్డించే ఒక ముసలావిడ మొహం కూడా చూడకుండా, ఊరూ పేరూ అడక్కుండా, ఇంకో గరిటె వేసి ముందుకు జరగమందట. సీతమ్మ గారు ఎలా ఉండేదో నాకు అప్పుడు తెలిసిందిరా అంది. మర్నాడు నేను పళ్లెం పట్టుకుని బడికి వెళ్లాను.

2024లో రాష్ట్ర ప్రభుత్వం ఆ బడి భోజనానికే డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టింది. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఈ వార్త నాయనమ్మకు చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నాను. వత్తులు చేసుకుంటూ తల ఎత్తకుండానే, పిల్లలకు మారు వడ్డిస్తున్నారా అని అడిగింది.