కణజాల శాస్త్రానికి ఆద్యుడు బిషా

వైద్య విద్యార్థి మొదటి సంవత్సరంలోనే సూక్ష్మదర్శిని క్రింద ఉంచి చూసే గాజుపలకపై ఒక మనిషి దేహపు పలుచని పొర ఉంటుంది. 1956లో కర్నూలులోను, 2006లో కడపలోను వైద్య కళాశాలలు వెలసిన పిదప మన సీమ బిడ్డలెందరో ఆ పలకలపై కణజాలాలను గుర్తించడం నేర్చుకున్నారు. విచిత్రమేమంటే, కణజాలమనే భావనకు వైద్యశాస్త్రంలో పునాది వేసిన బిషా సూక్ష్మదర్శినిని విశ్వసించనే లేదు.

మారీ ఫ్రాన్స్వా గ్జావియే బిషా 1771 నవంబరు 14న ఫ్రాన్సులో ఒక వైద్యుని ఇంట జన్మించాడు. లియాన్ నగరంలో శస్త్రవిద్య నేర్చుకుంటూ ఉండగా విప్లవపు కల్లోలం చెలరేగింది. 1793లో పారిస్ చేరి, ప్రఖ్యాత శస్త్రవైద్యుడు దెసోకు ప్రియశిష్యుడై ఆయన ఇంటనే నివసించాడు. 1795లో గురువు మరణించగా, ఆయన అసంపూర్ణ రచనలను వెలువరించే భారం తానే వహించాడు. 1797 నుండి స్వయంగా పాఠాలు చెప్పసాగాడు.

ఓటెల్ ద్యూ ఆసుపత్రిలో ఒక్క శీతకాలంలోనే సుమారు 600 దేహాలను ఆయన పరీక్షించాడని ప్రతీతి. దేహభాగాలను ఉడికించి, ఎండబెట్టి, కుళ్లనిచ్చి, ఆమ్లాలలో నానబెట్టి చూశాడు. గుండె, కాలేయము వేరువేరు అవయవాలైనా వాటిని నేసిన పోగులు కొన్ని ఒకటేనని గ్రహించి, మానవదేహంలో 21 రకాల కణజాలాలున్నవని 1801 నాటి గ్రంథంలో నిరూపింపబూనాడు. వ్యాధి సోకేది అవయవమంతటికీ కాదు, అందలి ఒక కణజాలానికేనన్న ఆలోచన వైద్యాన్నే మలుపు త్రిప్పింది. ఆ మరుసటి ఏడు జూలైలో ఆసుపత్రి మెట్లపై పడి, 22వ తేదీన కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయస్సు 30 ఏండ్లు మాత్రమే!

ఈఫిల్ గోపురంపై చెక్కిన 72 పేర్లలో బిషా పేరు ఉన్నది. ఆ 600 మందిలో ఒక్కరి పేరైనా మనకు తెలియదు. ఆనాడు కోత బల్లపైకి చేరినవి అధికంగా ఆసుపత్రిలో మరణించి, అడిగే దిక్కులేని బీదల దేహాలు. వారి సమ్మతిని కోరినవారు లేరు. బిషా కీర్తిని గణించేటప్పుడు ఈ లెక్కను విడిచిపెట్టడం న్యాయం కాదని నా అభిప్రాయం. తన దేహాన్ని తానే వైద్యవిద్యకు వ్రాసి ఇచ్చిన ఇంగ్లండు తత్త్వవేత్త జెరెమీ బెంథామ్ 1832లో మరణించాడు. ఆయన కోరిన ప్రకారమే ఆ దేహాన్ని విద్యార్థుల ఎదుట పరిచ్ఛేదించారు.

దేహదానంలో ధర్మంతోపాటు శాస్త్రప్రయోజనం కూడా గలదు. ప్రాణం పోయిన కొద్ది గంటలకే జీర్ణకోశపు లోపొర, క్లోమము తమ రసాలకు తామే కరగసాగుతవి. దిక్కులేని దేహమైతే బంధువుల కొరకు వేచియుండవలెను. 40 డిగ్రీలు దాటే మన వేసవిలో ఆ జాప్యం మరింత చేటు. దాత దేహం వెంటనే చేరినచో ముక్కలను ఫార్మలిన్‌లో భద్రపరచి, మైనంలో పోతపోసి, మిల్లీమీటరులో 200వ వంతు మందంగా కోసి, రంగులద్ది గాజుపలకపై పరుస్తారు. అప్పుడు కణాల అంచులు చెదరక, కేంద్రకాలు నీలిరంగులో స్పష్టంగా కనిపిస్తవి.