వైకీకి డ్యూక్

డ్యూక్ అనేది ఇంగ్లండ్ వాళ్ళ బిరుదు కదా, హవాయి మనిషికి ఎలా వచ్చింది? ఈ డౌట్ నాకూ వచ్చింది. తీరా చూస్తే అది అతని అసలు పేరే. 1869లో విక్టోరియా రాణి కొడుకు, ఎడిన్‌బరో డ్యూక్, హవాయి దీవులకి వచ్చాడు. అదే టైంలో పుట్టిన ఒక బాబుకి ఆ పేరు పెట్టేశారు. ఆ బాబు పెద్దయ్యి పోలీసు అయ్యాడు, తన పెద్ద కొడుక్కి కూడా అదే పేరు పెట్టుకున్నాడు. ఆ కొడుకే డ్యూక్ కహనమోకు. 1890 ఆగస్టు 24న హోనొలులులో పుట్టాడు.

అతనికి మూడేళ్ళు నిండకముందే, 1893లో, హవాయి రాణిని గద్దె దించేశారు. 1898లో అమెరికా ఆ దీవుల్ని తనలో కలిపేసుకుంది. స్కూలుకెళ్ళే వయసు వచ్చేసరికి అతను పుట్టిన రాజ్యమే లేదన్నమాట. ఆ తర్వాత జీవితమంతా అతను ఈత కొట్టింది ఆ అమెరికా జెండా కిందే. ఈ విషయం గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి.

ఇల్లు వైకీకి తీరం దగ్గర. అయిదుగురు తమ్ముళ్ళు, ముగ్గురు చెల్లెళ్ళు. అందరిలో పెద్ద డ్యూక్. వాళ్ళ ఇంట్లో ఈత నేర్పే పద్ధతి చాలా సింపుల్: నాన్న, బాబాయి కలిసి పిల్లాడిని పడవలోంచి అలల్లోకి విసిరేశారట. ఆ పడవ కూడా వేరే రకం. సన్నగా పొడుగ్గా ఉంటుంది, బోల్తా పడకుండా ఒక పక్కన తేలే దుంగ కట్టి ఉంటుంది. నలుగురైదుగురు కూర్చుని తెడ్లు వేస్తూ, సరిగ్గా అల లేచే టైంకి స్పీడ్ అందుకుంటే పడవ మొత్తం అల మీద జారుకుంటూ ఒడ్డుకొచ్చేస్తుంది. చెక్క మీద ఒక్కడే నిలబడి చేసే పనిని, ఇంటిల్లిపాదీ కలిసి పడవలో చేయడం అనుకోండి.

ఇదంతా అక్కడ కుదరడానికి కారణం నీళ్ళ కింద ఉన్న పగడపు దిబ్బలు. లోతైన సముద్రంలోంచి వచ్చే అలకి అడుగు తగలదు. దిబ్బ దగ్గర లోతు ఒక్కసారిగా తగ్గేసరికి అల అడుగుభాగం నెమ్మదిస్తుంది, పైభాగం లేచి ముందుకి విరుగుతుంది. మన ఆర్కే బీచ్ లాంటి చోట అడుగున ఇసుక కాబట్టి, ఇసుక జరిగితే అల విరిగే చోటూ మారిపోతుంది. దిబ్బ కదలదు. అందుకే వైకీకిలో ఒక్కో దిబ్బ మీద లేచే అలకి ఒక్కో పేరు ఉంది. డ్యూక్ తన 16 అడుగుల కోవా చెక్క బోర్డు మీద, దూరంగా ఉన్న దిబ్బ దగ్గర ఒక పెద్ద అల ఎక్కి, ఒకదాని తర్వాత ఒకటి దిబ్బలన్నీ దాటుకుంటూ మైలుకి పైగా వచ్చాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ బోర్డు బరువు 114 పౌండ్లు, అంటే దాదాపు 52 కిలోలు. నా హాస్టల్ రూమ్మేట్ బరువు!

చదువు మధ్యలోనే ఆగిపోయింది. 1911 ఆగస్టులో హోనొలులు హార్బర్‌లో ఈత పోటీ పెట్టారు. 100 గజాలు 55.4 సెకన్లలో ఈదేశాడు. మలుపుల్లేకుండా నేరుగా ఈదే పోటీలో అప్పటి రికార్డు కంటే నాలుగున్నర సెకన్లు తక్కువ. అమెరికాలో ఉన్న పెద్దలు నమ్మలేదు. అలారం గడియారాలతో కొలిచారేమో అని ఎగతాళి చేశారు, నీటి ప్రవాహం తోసి ఉంటుందన్నారు. రికార్డు ఇవ్వలేదు. మన భాషలో చెప్పాలంటే, అవుట్‌పుట్ నచ్చక డేటానే డిలీట్ చేశారు. మరుసటి ఏడాది స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల ఫ్రీస్టైల్ గోల్డ్ అతనిదే. యుద్ధం వల్ల 1916 ఆటలు జరగలేదు. 1920లో ఆంట్వెర్ప్‌లో మళ్ళీ అదే గోల్డ్, రిలేలో ఇంకొకటి.

నాకు అన్నిటికంటే నచ్చేది మాత్రం అతను ఓడిపోయిన రేసు. 1924, పారిస్. డ్యూక్‌కి 33 ఏళ్ళు. తర్వాత సినిమాల్లో టార్జాన్ అయిన జానీ వైస్‌ముల్లర్ ఫస్ట్ వచ్చాడు. డ్యూక్ సెకండ్. థర్డ్ ఎవరో తెలుసా? డ్యూక్ సొంత తమ్ముడు శామ్. అన్న కంటే 0.4 సెకన్లే వెనక.

ఈ మధ్యలోనే, 1914 చివర్లో, ఆస్ట్రేలియా వెళ్ళాడు. సిడ్నీ దగ్గర ఒక బోర్డు తనే చెక్కుకుని అలల మీద నిలబడి చూపించాడు. ఇసబెల్ లెథమ్ అనే 15 ఏళ్ళ అమ్మాయిని కూడా తన బోర్డు మీద నిలబెట్టాడు. ఆ బోర్డు ఇప్పటికీ అక్కడి ఫ్రెష్‌వాటర్ బీచ్ క్లబ్‌లో ఉంది.

1925 జూన్ 14. కాలిఫోర్నియాలో కరోనా డెల్ మార్ దగ్గర, థెల్మా అనే పడవ భారీ అలలకి బోల్తా పడింది. అందులో 29 మంది. ఒడ్డున ఉన్న డ్యూక్ బోర్డు తీసుకుని దూకాడు. మనుషుల్ని బోర్డు మీదకి లాగడం, ఒడ్డుకి చేర్చడం, మళ్ళీ వెళ్ళడం. ఎనిమిది మందిని తెచ్చాడు. అతనితో ఉన్న సర్ఫర్లు ఇంకో నలుగురిని కాపాడారు. 17 మంది చనిపోయారు. ఆ తర్వాతే అక్కడి లైఫ్‌గార్డులు బోర్డుని రక్షణ సామానులో భాగం చేసుకున్నారు.

మరి డబ్బు? అమెచ్యూర్ రూల్స్ ప్రకారం ఈతతో సంపాదించడం కుదరదు. హాలీవుడ్‌లో చిన్నాచితకా వేషాలు వేశాడు. ఒలింపిక్ చాంపియన్ అయ్యుండీ హోనొలులులో పెట్రోల్ బంక్ నడిపాడు. తర్వాత షెరిఫ్‌గా 13 సార్లు ఎన్నికయ్యాడు, 1961 దాకా ఆ పదవిలోనే ఉన్నాడు. అతని జెండాకి అన్ని పతకాలు తెచ్చినవాడికి అది చాలా తక్కువ అనే నా ఫీలింగ్.

1968 జనవరి 22న, 77 ఏళ్ళ వయసులో చనిపోయాడు. బూడిదని ఆ పొడుగు పడవల్లోనే తీసుకెళ్ళి వైకీకి సముద్రంలో కలిపారు. 1990లో బీచ్‌లో కంచు విగ్రహం పెట్టారు. చాచిన చేతులకి జనం పూలదండలు వేస్తుంటారు. ఫొటోల కోసమో ఏమో, విగ్రహం ముఖం రోడ్డు వైపు ఉంది. సముద్రానికి వీపు చూపించకూడదన్నది అలల మీద తిరిగేవాళ్ళ మొదటి పాఠం. అందుకే స్థానిక సర్ఫర్లు దీని గురించి ఇప్పటికీ గొణుగుతూనే ఉంటారు.