సర్ థామస్ మన్రో

క్రీ.శ. 1800 సంవత్సరమున హైదరాబాదు నిజాము తన రాజ్యములోని దక్షిణభాగమును ఈస్టిండియా కంపెనీ వారి కిచ్చివేసెను. దత్తమండలములని పేరొందిన ఆ సీమకు థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చెను. నేటి కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములును ఆయన యేలుబడిలో చేరెను.

మన్రో 1761లో స్కాట్లండునందలి గ్లాస్గో నగరమున జన్మించెను. తండ్రి పొగాకు వర్తకుడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధమువలన ఆ వర్తకము చితికిపోయెను. మన్రో 1780లో కంపెనీ సైన్యమున చేరి మద్రాసునకు వచ్చి, హైదరాలీతో జరిగిన యుద్ధమున పోరాడెను. హిందూస్థానీ, పారశీక భాషలను నేర్చెను.

దత్తమండలములలో ఆయన బంగళా పట్టి కూర్చుండలేదు. డేరాలలో వసించుచు ఊరూర తిరిగి రైతుల కష్టసుఖములను స్వయముగా విచారించెను. అయితే ఆ కాలమున సీమలో సుమారు ఎనుబదిమంది పాళెగాండ్రు ఉండిరి. మన్రో వారిని సైన్యబలముతో అణచివేసెను. నేరము మోపినది ఆయనయే, నిర్ణయించినది ఆయనయే, శిక్షించినదియు ఆయనయే. ఆ కాఠిన్యమును లండనులోని కంపెనీ డైరెక్టర్లు ఆక్షేపించిరి. యుద్ధభూమిలో పెరిగినవాని తీర్పులో సైనికుని చూపు ఉండుట వింత కాదు.

ఇట్లుండగా కంపెనీవారు బంగాళమునందలి పద్ధతి ననుసరించి మద్రాసు రాజధానియందును జిల్లా న్యాయస్థానములను నెలకొల్పిరి. న్యాయాధిపతులు ఆంగ్లేయులు. వారిలో నిజాయితీపరులు లేకపోలేదు. కాని పులివెందుల పల్లెలో అన్నదమ్ములు ఒకే బావినీటిని వంతులుగా వాడుకొనునప్పుడు, ఆ వంతు ఏ కాగితమునందును వ్రాసియుండదు. ప్రొద్దుటూరు ప్రత్తి బేరమైనను, జమ్మలమడుగు నేతగాని బయానా యైనను నోటిమాటమీదనే నడచుచుండెను. ఈ ఆచారముల నెరుగని దొర పత్రము లేదను కారణమున వ్యాజ్యమును కొట్టివేసిన, న్యాయము చట్టప్రకారమే జరిగినట్లు లెక్క. నష్టపడినవాడు మాత్రము రైతు. పైగా కోర్టునకు పోవలెనన్న దినములకొలది నడువవలెను.

1807లో స్వదేశమునకు మరలిన మన్రో ఈ సంగతిని పార్లమెంటు ముందర సాక్ష్యమిచ్చునపుడు విన్నవించెను. దేశీయుల వివాదములను దేశీయులే బాగుగా తెలిసికొనగలరనియు, పరదేశి ఎంత బుద్ధిమంతుడైనను వారి నడవడిని సాక్షి ముఖమునందు చదువలేడనియు ఆయన తలంపు. 1814లో కంపెనీవారు ఆయనను న్యాయసంస్కరణ సంఘమునకు అధ్యక్షునిగా మద్రాసునకు పంపిరి. 1816లో క్రొత్త చట్టములు వెలువడెను. గ్రామపెద్ద మునసబై పదిరూపాయల వరకు గల దావాలను, జిల్లా మునసబు రెండువందల వరకు గల దావాలను తీర్చుట కేర్పాటయ్యెను. గ్రామ పంచాయితీలకును అధికారము లభించెను.

ఇందును ఒక చిక్కు కలదు. ఊరి మునసబు ఆచారముల నెరుగును. కాని ఊరి కక్షలును ఎరుగును. ఆయనకు బంధువులుందురు, కులముండును. పెద్దరైతుపై కూలివాడు ఫిర్యాదు తెచ్చినపుడు, అరుగుమీద కూర్చున్నవాడు ఆ పెద్దరైతు బావమరిదియే కావచ్చును. ఎరుక యున్నచోట పక్షపాతము రాకుండుటకు మన్రో ఊహించిన మందు పలువురు కలిసి తీర్పు చెప్పు పంచాయితీ. అది ఆయన ఆశించినంతగా జనులను ఆకర్షింపలేదు. అదే సమయమున పోలీసు అధికారమును న్యాయాధిపతి చేతినుండి తీసి కలెక్టరున కప్పగించుట ఆయన పద్ధతిలోని పెద్దలోపము. పాళెగాండ్ర విషయమున తనపై వచ్చిన ఆక్షేపణను ఆయన మరచినట్లున్నది.

1820లో మన్రో మద్రాసు గవర్నరయ్యెను. దేశీయులను ఉన్నతోద్యోగములకు దూరముంచుట వారిని కించపరచుటయే యని 1824లో దీర్ఘముగా వ్రాసెను. 1827 జూలై 6వ తేదీన పత్తికొండలో కలరా సోకి మరణించెను. వేంపల్లె సమీపమున పాపఘ్ని నది కొండలను చీల్చుకొనిపారు గండిలో, మృత్యువు దగ్గరపడినవారికే కనబడు బంగారుతోరణము ఆయనకు కనబడెనని ఆ ప్రాంతీయులు చెప్పుకొందురు. సీమలో కొందరు తమ బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనిరి.

ఆయన కాలమున న్యాయాధికారము పొందిన గ్రామ మునసబు పదవి ఆంధ్రప్రదేశమున 1984లో రద్దయ్యెను.